కథ కన్నా తేదీ పాతది

క్రీ.శ. 354లో రోములో ఒక సంపన్నుడి కోసం అందమైన పంచాంగం ఒకటి తయారైంది. తయారుచేసినవాడు ఫిలోకలస్. రాతి మీద అక్షరాలు తీర్చడంలో తర్వాతి రోజుల్లో చాలా పేరు తెచ్చుకున్నాడు. చక్రవర్తుల పుట్టినరోజులు, గ్రహాల బొమ్మలు, ఏ ఏడాది ఎవరు కాన్సుల్‌గా ఉన్నారో చెప్పే వరస, రోము బిషప్పుల వరస, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. అసలు ప్రతి పోయింది. దాన్ని చూసి రాసుకున్న ప్రతి కూడా పోయింది. ఆ రెండోదాన్ని చూసి రాసుకున్నవి మాత్రం మిగిలాయి.

ఆ పంచాంగంలో ఒక చిన్న జాబితా ఉంది. క్రైస్తవ విశ్వాసం కోసం ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ ఖననాల పట్టిక అది. ఒక్కో వరసలో ఉండేవి మూడు సంగతులు: తేదీ, పేరు, చోటు. జనవరి 21కి ఎదురుగా ఆగ్నెస్, నొమెంతానా దారి. మార్చి 7కి ఎదురుగా పెర్పెతువా, ఫెలిసితా, ఆఫ్రికా. ఆగస్టు 10కి ఎదురుగా లారెన్స్, తిబుర్తినా దారి. ఎలా చనిపోయారు, చంపిందెవరు, చివరి మాటలేమిటి అన్నది ఎక్కడా లేదు. ఏ రోజున ఏ దారిలోని సమాధి దగ్గరికి వెళ్ళాలో తెలియాలి, అందుకోసం రాసుకున్న జాబితా.

ఇదే లారెన్స్ గురించి ఇవాళ ఏ పునీతుల చరిత్ర తెరిచినా బ్రహ్మాండమైన కథ ఉంటుంది. చర్చి సొత్తంతా తెచ్చి అప్పగించమని అధికారి అడిగితే లారెన్స్ మూడు రోజులు గడువు అడిగాడు. గడువు తీరాక రోములోని బీదల్నీ, గుడ్డివాళ్ళనీ, కుంటివాళ్ళనీ వెంటబెట్టుకొచ్చి, చర్చి సొత్తు వీళ్ళేనన్నాడు. అధికారి మండిపడి అతన్ని ఇనుప చువ్వల మంచం మీద పడుకోబెట్టి కింద నిప్పు పెట్టించాడు. ఈ పక్క కాలింది, ఇక తిరగెయ్యండి అని లారెన్స్ ఆ మంచం మీంచే వేళాకోళం ఆడాడు. అందుకే ఆయన వంటవాళ్ళకి పాలక పునీతుడు. బొమ్మల్లో ఆయన పక్కన ఆ చువ్వల మంచం తప్పకుండా ఉంటుంది.

ఒకసారి విన్నవాళ్ళు మర్చిపోలేని కథ. అయితే ఆ కాలపు సాక్ష్యం వేరేగా ఉంది. 258లో వలేరియన్ చక్రవర్తి ఇచ్చిన ఉత్తర్వు సంగతి కార్తేజ్ బిషప్ సిప్రియన్ అప్పుడే ఒక ఉత్తరంలో రాశాడు. బిషప్పుల్నీ, గురువుల్నీ, డీకన్లనీ దొరికినవాళ్ళని దొరికినట్టే చంపెయ్యమని ఆ ఉత్తర్వు. ఆగస్టు 6న రోము బిషప్ సిక్స్తస్‌ని శ్మశానంలోనే చంపారు, ఆయనతో పాటు కొందరు డీకన్లని కూడా. లారెన్స్ కూడా డీకనే. నాలుగు రోజుల తర్వాత అతని వంతు వచ్చింది. కత్తి వేటుతో తేల్చేసే ఉత్తర్వు అమల్లో ఉన్నప్పుడు మూడు రోజుల గడువుకీ, చువ్వల మంచానికీ చోటెక్కడుంది? మంటల ప్రస్తావన మనకి కనిపించేది నూరేళ్ళు దాటాక రాసిన రాతల్లోనే. లాటిన్‌లో ‘పస్సుస్ ఎస్త్’ అంటే బాధలు పడ్డాడు. మొదటి అక్షరం జారిపోతే ‘అస్సుస్ ఎస్త్’ అవుతుంది, అంటే కాల్చబడ్డాడు. ఏదో ఒక ప్రతిలో ఒక్క అక్షరం జారిపోయి ఇంత కథ పుట్టిందేమోనని ఒక పండితుడు ఊహించాడు. అది ఊహే, రుజువు లేదు. కానీ ఒక సంగతి మాత్రం తేలుతుంది. లారెన్స్ గురించి మన దగ్గరున్నవాటిలో ఆ ఒక్క వరసే అన్నిటికన్నా గట్టిది: ఆగస్టు 10, లారెన్స్, తిబుర్తినా దారి.

మామూలుగా మనం దీన్ని తిరగేసి అనుకుంటాం. ముందు ఒక గొప్ప జీవితం, దాన్ని చెప్పుకునే కథ, ఆ కథని తలుచుకోవడానికి ఒక పండుగ, ఆ పండుగకి ఎవరో నిర్ణయించిన తేదీ. వేదసాక్షుల విషయంలో చాలాసార్లు జరిగింది దీనికి సరిగ్గా ఎదురు. ముందు తేదీ ఉంది. కథ తర్వాత వచ్చింది.

చనిపోయిన రోజే పుట్టినరోజు

పాత రోము సమాజంలో చనిపోయినవాళ్ళ పుట్టినరోజున కుటుంబం సమాధి దగ్గర కలిసి భోంచేసేది. క్రైస్తవులు ఆ అలవాటుని ఉంచుకుని రోజు మాత్రం మార్చారు. వేదసాక్షి చనిపోయిన రోజే పరలోకంలో పుట్టిన రోజన్నారు. ఇప్పుడు తుర్కియేలో ఇజ్మీర్ అని పిలిచే స్మిర్నాలో రెండో శతాబ్ది మధ్యలో పొలికార్పు అనే ముసలి బిషప్పుని చంపారు. అక్కడి సంఘం ఆ సంగతి ఇంకో ఊరి సంఘానికి ఉత్తరం రాసింది. ఎముకలు ఏరుకుని తగినచోట దాచామనీ, ఏటా ఆ వేదసాక్ష్యపు పుట్టినరోజున అక్కడ కలుసుకుంటామనీ అందులో ఉంది. పునీతుల పండుగ గురించి మనకి దొరికే తొలి ఆధారాల్లో ఇదొకటి. పండుగ అన్నాక దానికి రెండు కావాలి, సమాధీ, ఆ రోజూ.

తెలుగువాళ్ళకి ఇది కొత్తగా అనిపించాల్సిన పని లేదు. త్యాగరాజ ఆరాధన జరిగేది ఆయన పుట్టిన రోజున కాదు, 1847లో ఆయన పోయిన పుష్య బహుళ పంచమి నాడు, తిరువయ్యారులో కావేరి ఒడ్డున ఉన్న సమాధి దగ్గర. త్యాగరాజు గురించి చెప్పుకునే కథల్లో ఏవి జరిగాయి, ఏవి కల్పన అని ఎంతసేపైనా వాదించుకోవచ్చు. తిథి మీద, సమాధి మీద మాత్రం వాదన లేదు. కడప నుంచి హైదరాబాదు దాకా దర్గాల్లో జరిగే ఉరుసు కూడా ఇలాంటిదే. ఆ మాటకి అసలు అర్థం పెళ్ళి. సూఫీ గురువు కన్నుమూసిన రోజు ఆయన దైవంతో కలిసిన పెళ్ళిరోజు.

తేదీ ఎందుకు నిలుస్తుంది, కథ ఎందుకు మారుతుంది? ఇందులో మర్మమేమీ లేదు. ఏటా పదిమంది కలిసి, ఒకే రోజున, ఒకే చోటికి నడిచి వెళ్తున్నారనుకోండి. అందులో ఒకరు తేదీ మర్చిపోయినా మిగతా తొమ్మిదిమంది గుర్తు చేస్తారు. తాతతో వెళ్ళిన మనవడు తన మనవణ్ణి తీసుకెళ్తాడు. కథ అలా కాదు. చెప్పేవాడి నోటిని బట్టి, వినేవాళ్ళ ముఖాన్ని బట్టి అది పెరుగుతుంది. తేదీకి పెరగడానికి చోటు లేదు.

313 తర్వాత క్రైస్తవుల మీద వేట ఆగిపోయింది. సమాధుల దగ్గరికి దూరప్రాంతాల నుంచి జనం రావడం మొదలైంది. వచ్చినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, ఈవిడ ఎవరు? ఊరివాళ్ళకి పేరు తెలుసు, రోజు తెలుసు, సమాధి తెలుసు. అంతకు మించి చాలాచోట్ల తెలియదు. 366 నుంచి 384 దాకా రోము బిషప్పుగా ఉన్న దామసుస్ ఈ సమాధుల కోసం పద్యాలు రాసి, పైన చెప్పిన ఫిలోకలస్ అక్షరాలతో పాలరాతి మీద చెక్కించాడు. ఆగ్నెస్ గురించి రాసేటప్పుడు ఆయనే జనం చెప్పుకుంటున్న మాట ఇది అనే అర్థం వచ్చేలా మొదలుపెట్టాడు. రోము బిషప్పుకి కూడా వినికిడే ఆధారమన్నమాట. ఆ ఖాళీల్లోకి ఐదు, ఆరో శతాబ్దాల్లో కథలు వచ్చి చేరాయి. వాటిని వరసగా చదివితే ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. క్రూరుడైన న్యాయాధికారి, అతన్ని నోరెత్తకుండా చేసే పొడుగాటి ఉపన్యాసం, ఒకదాని తర్వాత ఒకటిగా హింసలు, ఏ హింసకీ చావని దేహం, చివరికి ఒక్క కత్తి వేటు. పేరు మారుతుంది, ఊరు మారుతుంది, మిగతాదంతా అదే.

కథ కూడా మిగిలిన చోట

అచ్చులో పోయని కథ ఎలా ఉంటుందో తెలియాలంటే ఆ జాబితాలోని మార్చి 7 వరస దగ్గరికి వెళ్ళాలి. 203లో కార్తేజ్‌లో పెర్పెతువా అనే యువతిని జంతువుల ముందుకు తోశారు. వయసు ఇరవై రెండు ప్రాంతంలో. చంకలో పాలు తాగే బిడ్డ. ఆమె జైల్లో రాసుకున్న మాటలు మనకి మిగిలాయి. ముందూ వెనకా ఎవరో కలిపిన భాగాలున్నా, మధ్యలో ఆమె గొంతు అలాగే ఉంది.

అందులో ఉపన్యాసాలు లేవు. అంత చీకటి ఎప్పుడూ చూడలేదని భయపడడం ఉంది. కిక్కిరిసిన జనం వల్ల ఊపిరాడని వేడి ఉంది. బిడ్డకి పాలు లేక నీరసించిపోతాడని బెంగ ఉంది. డబ్బిచ్చి కాసేపు మంచి గదిలోకి మారడం ఉంది. ముసలి తండ్రి వచ్చి కాళ్ళు పట్టుకుని, నా తెల్లజుట్టు చూసైనా ఆ మాట వెనక్కి తీసుకోమని బతిమాలడం ఉంది. ఆ తండ్రిని కర్రతో కొట్టినప్పుడు తనకే దెబ్బ తగిలినట్టు ఆమె విలవిల్లాడడం ఉంది. తోడుగా ఉన్న ఫెలిసితా బానిస, ఎనిమిది నెలల గర్భిణి. గర్భిణుల్ని చంపకూడదనే నియమం వల్ల తను వెనకబడి, తర్వాత ఎవరో నేరస్తులతో కలిసి చావాల్సి వస్తుందేమోనని ఆమె దిగులు. జైల్లోనే నెల ముందు కాన్పైంది.

లారెన్స్ కథ పక్కన దీన్ని పెట్టి చూడండి. కల్పించిన కథలో వీరుడికి నొప్పి ఉండదు. నిజంగా జరిగిన దాంట్లో పాలు గడ్డకట్టిన రొమ్ముల నొప్పి కూడా ఉంటుంది.

ఈ తేదీకి కూడా చిన్న చరిత్ర ఉంది. వెయ్యేళ్ళకు పైగా గడిచాక, 1274లో సరిగ్గా మార్చి 7నే తత్త్వవేత్త థామస్ అక్వినాస్ చనిపోయాడు. పెద్దాయన పండుగ కింద ఈ ఇద్దరు ఆఫ్రికా స్త్రీల పండుగ మరుగున పడింది. 1908లో వాళ్ళకి మార్చి 6 ఇచ్చారు. 1969లో క్యాలెండర్‌ని సవరించినప్పుడు అక్వినాస్‌ని జనవరి 28కి పంపి, ఆ రోజుని మళ్ళీ వాళ్ళకి అప్పగించారు. 354 జాబితాలో ఉన్న తేదీ అట్లా తిరిగొచ్చింది.

లోపలివాళ్ళ తనిఖీ

ఈ కథల్ని ప్రశ్నించింది చర్చి మీద కోపం ఉన్నవాళ్ళు మాత్రమే అనుకుంటే పొరపాటు. అందరికన్నా ఓపిగ్గా, ఎక్కువకాలం ప్రశ్నించింది జెస్విట్ గురువులు.

రోస్‌వెయ్‌డె అనే జెస్విట్ 1607లో ఒక ప్రణాళిక అచ్చువేశాడు. ఐరోపా మఠాల్లో ఉన్న రాతప్రతులన్నీ వెతికి, పోల్చి, ప్రతి పునీతుడి గురించి దొరికిన అత్యంత పాత పాఠాన్ని అచ్చు వెయ్యాలని ఆయన తలపెట్టాడు. ఆ సంగతి విన్న కార్డినల్ బెల్లార్మిన్, ఈయన ఇంకో రెండు వందల ఏళ్ళు బతుకుతాడా అని అడిగాడని చెప్తారు. రోస్‌వెయ్‌డె 1629లో పోయాడు. ఆయన కాగితాలు జాన్ బొలాండ్ చేతికి వచ్చాయి. 1643లో ఆంట్‌వెర్ప్‌లో మొదటి రెండు సంపుటాలు వచ్చాయి. బొలాండ్ పేరు మీదే ఆ బృందానికి బొలాండిస్టులని పేరు. పుస్తకం అమరిక కూడా తేదీల వారీగానే, జనవరి 1 నుంచి మొదలు.

వాళ్ళలో పాపెబ్రోక్ అనే ఆయన కార్మెలైట్ల జోలికి వెళ్ళాడు. మా మఠ సంప్రదాయాన్ని స్థాపించింది బైబిలులోని ఏలియా ప్రవక్త అని కార్మెలైట్లు నమ్మేవారు. దానికి ఆధారం కనబడడం లేదని ఆయన రాశాడు. గొడవ ముదిరి 1695లో స్పెయిన్ మతవిచారణ సంస్థ ఈ సంపుటాల్ని నిషేధించింది. పాపెబ్రోక్ 1714లో చనిపోయాడు. నిషేధం ఎత్తేసింది 1715లో. తర్వాత జెస్విట్ సంఘమే రద్దయింది, 1788లో బొలాండిస్టుల పనీ ఆగింది. మళ్ళీ 1837లో బ్రస్సెల్స్‌లో మొదలైంది. 1925 సంపుటం నవంబరు 10 దగ్గర ఆగింది. 282 ఏళ్ళ పని, పది నెలల పది రోజులు. బెల్లార్మిన్ వేసిన అంచనా కూడా తక్కువే.

ఈ బృందంలో అందరికన్నా పేరున్నవాడు హిప్పొలీత్ దెలెహాయ్. 1905లో వచ్చిన ఆయన పుస్తకం పునీతుల గాథలు ఎలా పుడతాయో, జనం నోట ఎలా పెరుగుతాయో విడమరిచి చెప్పింది. ఆయన పద్ధతిలో కీలకమైనది నాకు చాలా నచ్చినది ఒకటుంది. పటం మీద ఒక ఊరిని గుర్తించడానికి అక్షాంశం, రేఖాంశం రెండూ చాలు. అట్లాగే ఒక వేదసాక్షిని గుర్తించడానికి కూడా రెండు గీతలున్నాయి: సమాధి ఉన్న చోటు, పండుగ చేసే తేదీ. పేరుతో పాటు ఈ రెండూ పాత ఆధారాల్లో స్థిరంగా కనిపిస్తే ఆ మనిషి ఉన్నట్టే, కథ ఎంత నమ్మలేనిదైనా సరే. రెండూ లేకపోతే, కథ ఎంత నమ్మకంగా ఉన్నా అనుమానించాల్సిందే.

ఈ కొలబద్దతో మూడు పేర్లు చూద్దాం.

సమాధి ఉంది, తేదీ లేదు

1802 మే నెలలో రోములోని ప్రిసిల్లా భూగర్భ శ్మశానంలో ఒక సమాధి బయటపడింది. మూతగా మూడు మట్టి పలకలు. వాటి మీద ఎర్రరంగుతో అక్షరాలు. ఎడమ నుంచి చదివితే ‘లుమేనా’, ‘పాక్స్ తే’, ‘కుమ్ ఫి’. అర్థం కాదు. మొదటి పలక తీసి చివర పెడితే ‘పాక్స్ తేకుమ్ ఫిలుమేనా’, అంటే ‘ఫిలుమేనా, నీకు శాంతి’. పక్కన లంగరు, బాణాలు, తాటిమట్ట బొమ్మలు. లోపల పదిహేనేళ్ళలోపు అమ్మాయి ఎముకలు, ఒక చిన్న గాజు పాత్ర. గాజు పాత్రలో రక్తం ఉండేదని, కాబట్టి ఈమె వేదసాక్షి అని అప్పటివాళ్ళు నిర్ధారించుకున్నారు.

1805లో ఆ ఎముకల్ని నేపుల్స్ దగ్గర ముజ్ఞానో అనే ఊరికి తీసుకెళ్ళారు. అద్భుతాలు జరుగుతున్నాయని పేరు పాకింది. కథ లేదు కదా, 1833లో నేపుల్స్‌లో ఒక కన్యస్త్రీకి దర్శనాల్లో కథ దొరికింది. ఫిలోమినా గ్రీకు రాకుమారి, దియొక్లెతియన్ చక్రవర్తిని పెళ్ళాడనన్నందుకు హింసలు పెట్టి చంపించాడు. లంగరు కట్టి నీళ్ళలో తోశారు, బాణాలతో కొట్టారు. పలక మీది ప్రతి బొమ్మకీ కథలో ఒక ఘట్టం దొరికింది. 1835లో ఫ్రాన్స్‌కి చెందిన పొలీన్ జారికో ఆ ఊళ్ళో జబ్బు నుంచి కోలుకోవడంతో పేరు ఇంకా పెరిగింది. 1837లో పోపు 16వ గ్రెగరీ పండుగకి అనుమతి ఇచ్చాడు. ఆర్స్ ఊరి గురువు జాన్ వియన్నే తన దగ్గర జరిగిన మేళ్ళన్నీ ఆమెవేనని చెప్పేవాడు.

ఇరవయ్యో శతాబ్ది మొదట్లో ఒరాత్సియో మరూక్కి అనే పురావస్తు పండితుడు ఒక మామూలు ప్రశ్న వేశాడు. పలకలు వరస తప్పి ఎందుకున్నాయి? పాత సమాధి పలకల్ని తీసి కొత్త సమాధికి మూతగా వాడడం నాలుగో శతాబ్దిలో ఉండేది. రాతలోని పేరు లోపలున్నవాళ్ళది కాదని తెలియడానికి వరస మార్చేవారు. అంటే ఎముకలు ఫిలుమేనావి కాకపోవచ్చు. లంగరు, తాటిమట్ట ఆ రోజుల్లో మామూలు క్రైస్తవ గుర్తులే. అలాంటి గాజు పాత్రలు వేదసాక్ష్యానికి రుజువు కావని కూడా తేలింది. అన్నిటికీ మించి, ఏ పాత పట్టికలోనూ ఆమె పేరు లేదు, తేదీ లేదు. పదిహేను వందల ఏళ్ళు ఎవరూ ఏ రోజునా ఆ సమాధి దగ్గరికి వెళ్ళిన దాఖలా లేదు. 1961 ఫిబ్రవరిలో రోము ఆమె పేరుని అన్ని క్యాలెండర్ల నుంచీ తీసేయమంది.

అప్పటికే ఆ పేరు ప్రపంచమంతా పాకిపోయింది. మైసూరులో 1933లో నాలుగో కృష్ణరాజ ఒడెయరు శంకుస్థాపన చేసిన పెద్ద చర్చి ఆమె పేరు మీదే ఉంది. మన తెలుగు కతోలిక కుటుంబాల్లో ఫిలోమినా, ఫిలోమినమ్మ అనే పేర్లకి కొదవ లేదు. ఒక ఉత్తర్వుతో క్యాలెండర్‌లోంచి పేరు తీసేయొచ్చు. అమ్మమ్మ పేరు మార్చలేం కదా!

కథ ఉంది, మనిషి ఇంకెవరో

నవంబరు 27కి ఎదురుగా రోము వేదసాక్షుల గ్రంథంలో, 16వ శతాబ్ది చివరి నుంచి, బర్లాం, జోసఫాత్ అనే ఇద్దరు భారతదేశపు పునీతుల పేర్లుండేవి. కథ ఇది. ఒక రాజుకి కొడుకు పుడితే, ఈ పిల్లవాడు రాజ్యం విడిచి వెళ్తాడని జ్యోతిష్కుడు చెప్పాడు. రాజు పిల్లవాణ్ణి కష్టమన్నది కనిపించని మహల్లో పెంచాడు. ఒకరోజు బయటికెళ్ళిన రాకుమారుడు రోగిని, గుడ్డివాణ్ణి, ముసలివాణ్ణి చూశాడు. తర్వాత బర్లాం అనే సన్యాసి బోధ విని అన్నీ వదిలేశాడు.

మనకి ఇది స్కూలు పాఠం. అర్ధరాత్రి ఇల్లు విడిచి వెళ్ళే ఆ రాకుమారుణ్ణి అమరావతి శిల్పులు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటే సున్నపురాతి మీద చెక్కారు. బోధిసత్త్వుడి కథ మధ్య ఆసియా మీదుగా అరబ్బీలోకి వెళ్ళి ‘బూదాసఫ్’ అయింది. అరబ్బీలో మాట మొదట్లో వచ్చే ‘బ’కి కింద ఒక చుక్క, ‘య’కి రెండు. ఒక చుక్క ఎక్కువై అది ‘యూదాసఫ్’ అయింది. జార్జియా భాషలో ‘ఇయోదాసఫ్’, గ్రీకులో ‘యొవాసఫ్’, లాటిన్‌లో ‘జోసఫాత్’. జార్జియా భాషలోకి వెళ్ళినప్పుడు క్రైస్తవ కథైంది, 11వ శతాబ్దిలో లాటిన్‌లోకి వచ్చాక ఐరోపా అంతా పాకింది. 1571లో వెనిస్ పాలకుడు పోర్చుగల్ రాజుకి జోసఫాత్ ఎముక అని ఒకదాన్ని కానుకగా ఇచ్చాడు కూడా.

పోలికని ముందు పసిగట్టినవాళ్ళలో గోవాలో ఉన్న పోర్చుగీసు చరిత్రకారుడు దియోగో దు కూతో ఒకడు. 17వ శతాబ్ది మొదట్లోనే గుర్తుపట్టాడు. కాకపోతే జోసఫాత్ కథనే ఇక్కడివాళ్ళు బుద్ధుడి కథగా మార్చుకున్నారని అనుకున్నాడు. సరైన దిక్కు తేలడానికి 1859, 1860 దాకా పట్టింది. ఇక్కడ తేదీ ఉంది, కానీ అది కథ వెనకాల వచ్చిన తేదీ. ఏ సమాధి దగ్గరా ఎవరూ కలుసుకోలేదు. ఇప్పటి గ్రంథంలో ఆ పేర్లు లేవు. బొలాండిస్టుల సంపుటాలు నవంబరు 10 దగ్గరే ఆగాయి కాబట్టి వాళ్ళు ఈ పేరు దాకా రానే లేదు.

కథ పోయింది, తేదీ ఉంది

మూడో పేరు అందరికీ తెలిసిందే, వాలెంటైన్. దొంగచాటుగా సైనికులకి పెళ్ళిళ్ళు చేశాడని, జైలరు కూతురికి ఉత్తరం రాసి సంతకం చేశాడని ఫిబ్రవరి వస్తే ఫోన్లకి వచ్చే కథలన్నీ ఆలస్యంగా పుట్టినవే. ఈ రోజుకి ప్రేమతో సంబంధం కనిపించేది 14వ శతాబ్ది చివర్లో, ఇంగ్లీషు కవి చాసర్ నుంచి. 1969లో సాధారణ క్యాలెండర్ నుంచి ఆయన్ని తప్పించారు. అప్పుడు ఇచ్చిన వివరణ సారాంశం ఇది: ఫిబ్రవరి 14న ఫ్లమీనియా దారిలో ఖననం అయ్యాడన్నది తప్ప ఆయన గురించి ఇంకేమీ తెలియదు.

చాలామంది దీన్ని వాలెంటైన్ లేడని రోము ఒప్పుకున్నట్టు చెప్పుకుంటారు. చదివితే అర్థం తిరగబడుతుంది. తేదీ ఉంది, దారి ఉంది, పేరు ఉంది. నాలుగో శతాబ్దిలోనే పోపు జూలియస్ అక్కడ ఒక చర్చి కట్టించాడు. దెలెహాయ్ లెక్కలో ఇది గట్టి మనిషి. అందుకే అందరూ చెయ్యాల్సిన పండుగల్లోంచి తప్పించినా వేదసాక్షుల గ్రంథంలో ఫిబ్రవరి 14న ఆయన పేరు ఇప్పటికీ ఉంది. ఫిలోమినాకి కథంతా ఉండి మనిషి జారిపోయింది. వాలెంటైన్‌కి కథంతా పోయి మనిషి మిగిలాడు.

పేరు కూడా ఒక సంగతే

ఇదంతా పాత రోము వ్యవహారమనుకోనక్కర్లేదు. 2022 మే 15న పోపు ఫ్రాన్సిస్ పునీతులుగా ప్రకటించిన పదిమందిలో కన్యాకుమారి ప్రాంతపు దేవసహాయం ఉన్నారు. 1712లో నట్టాలంలో పుట్టినప్పటి పేరు నీలకంఠ పిళ్ళై. తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ కొలువులో ఉద్యోగి. కొలచ్చెల్ యుద్ధంలో పట్టుబడి తర్వాత రాజు సేనానిగా మారిన డచ్చివాడు డి లన్నోయ్ ద్వారా క్రైస్తవం తెలిసింది. 1745లో జ్ఞానస్నానం, 1749లో అరెస్టు, 1752 జనవరి 14న ఆరల్వాయ్‌మొళి దగ్గర కొండ మీద కాల్చి చంపారు. సమాధి కోట్టారులోని చర్చిలో. పండుగ జనవరి 14, మన సంక్రాంతి రోజుల్లోనే.

ఆయన చుట్టూ కూడా కథలు పెరిగాయి. మోచేత్తో కొడితే రాతిలోంచి నీళ్ళొచ్చాయని, చనిపోయే వేళ ఒక బండ గంటలా మోగిందని చెప్తారు. ఆయన్ని చంపింది మతం మారినందుకా, కొలువులో ఇంకేదైనా నేరం మోపా అని చరిత్రకారుల్లో వాదన ఉంది. తేదీ, చోటు మాత్రం కదలవు.

ఇక్కడ తగువంతా మూడో సంగతి మీద, పేరు మీద వచ్చింది. రోము కాగితాల్లో మొదట ‘దేవసహాయం పిళ్ళై’ అని ఉండేది. కింది కులాలవాళ్ళతో కలిసి భోంచేశాడని నిందపడ్డ మనిషికి పునీతుడయ్యాక కులం పేరు తగిలించడమేమిటని అభ్యంతరాలు వెళ్ళాయి. చివరికి ప్రకటించింది దేవసహాయం అన్న ఒక్క పేరే. మూడొందల ఏళ్ళ తర్వాత చదివేవాడికి ఆ వరసలో ఏముండాలన్న తగువు అది. తేదీ, పేరు, చోటు అన్న ఆ చిన్న వరస ఎంత బరువైనదో అక్కడ తెలుస్తుంది.

మన దగ్గర ఒక మహానుభావుడి కథలో ఒక ఘట్టం జరగలేదని ఎవరైనా రాస్తే, ఆయన లేడన్నావా అని వెంటనే గొడవ మొదలవుతుంది. రాసినవాళ్ళు కూడా కొన్నిసార్లు అదే ఊపులో, కథ కల్పన కాబట్టి మనిషీ కల్పనే అని తేల్చేస్తారు. ఇద్దరూ చేసే పని ఒకటే, కథనీ మనిషినీ ఒకే తాడుతో కట్టెయ్యడం. దెలెహాయ్ ఆ ముడి విప్పాడు. అలా విప్పినందుకు ఆయన విశ్వాసమూ పోలేదు, గురుత్వమూ పోలేదు. కోపాలు ఎదుర్కొన్నాడు, 1941లో చనిపోయేదాకా అదే పని చేశాడు.

కథలు వద్దని కాదు. చువ్వల మంచం మీది వేళాకోళం నాకు ఇప్పటికీ ఇష్టమే. దాన్ని రాసినవాడికి భయమంటే ఏమిటో, దాన్ని చూసి నవ్వాలని ఎందుకనిపిస్తుందో బాగా తెలుసు. కాకపోతే అది లారెన్స్ గురించి చెప్పేదాని కన్నా, లారెన్స్‌ని తలుచుకుంటూ వందేళ్ళు గడిపినవాళ్ళ గురించే ఎక్కువ చెప్తుంది. లారెన్స్ గురించి చెప్పేది ఆ పొడి వరసే. 258 తర్వాత ఒక ఆగస్టు 10న, పట్టుబడితే తమకీ అదే గతి అని తెలిసి కూడా, కొందరు తిబుర్తినా దారిలో నడిచి ఆ సమాధి దగ్గరికి వెళ్ళారు. మరుసటి ఏడు కూడా వెళ్ళారు. వాళ్ళ పేర్లు ఏ జాబితాలోనూ లేవు.